డీబీఏ_యూజర్స్‌లో కనిపించే క్రియేటెడ్ తేదీని ఎంతవరకు నమ్మొచ్చు?

మీరు అడిగింది ఇది: ఒరాకిల్ 19సీ డేటాబేస్‌లో ఉన్న ప్రతి యూజర్, ప్రతి స్కీమా (ఒక యూజర్ కింద ఉండే టేబుళ్లు, వ్యూల సముదాయం) ఎప్పుడు క్రియేట్ అయ్యాయో ఆడిట్ వాళ్లు లిస్టు ఇమ్మన్నారు. యూజర్ల వివరాలు చూపే డీబీఏ_యూజర్స్ వ్యూ చూస్తే ఏళ్ల తరబడి నడుస్తున్న అప్లికేషన్ స్కీమాలన్నిటికీ 2022లో ఒకే రాత్రి తేదీ పడి ఉంది. ఒరాకిల్ సొంత సిస్ యూజర్‌కేమో అసలు మీ సర్వర్ రాకముందే, 2019 ఏప్రిల్ 17 అని చూపిస్తోంది. ఏది నమ్మాలి? పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్, ఎస్‌క్యూఎల్ సర్వర్‌లలో ఇదే వివరం ఎలా తీయాలి?

మీకు కనిపిస్తున్న ఆ రెండు తేదీలూ కరెక్టే. క్రియేటెడ్ కాలమ్ చెప్పేది ఒక్కటే, ఈ డేటాబేస్ డిక్షనరీలో (డేటాబేస్ తన గురించి తానే రాసుకునే టేబుళ్లలో) ఈ యూజర్ రో ఎప్పుడు పడిందన్నది. ఆ స్కీమా అసలు వయసెంత, దాన్ని ఎవరు చేశారు అన్నవి వేరే ప్రశ్నలు. వాటికి జవాబు డీబీఏ_యూజర్స్‌లో ఉండదు, వేరే చోట్ల వెతకాలి. ఆడిట్ వాళ్లు ఈ మూడింటిలో ఏది అడుగుతున్నారో ముందు రాతపూర్వకంగా తేల్చుకోండి, సగం గందరగోళం అక్కడే పోతుంది.

ముందు తేదీని సరిగ్గా చదవడం చూద్దాం. క్రియేటెడ్ కాలమ్ మూడు వ్యూలలో ఉంటుంది. యూజర్_యూజర్స్‌లో మీ అకౌంట్ ఒక్కటే కనిపిస్తుంది. ఆల్_యూజర్స్‌లో అందరి పేర్లు, యూజర్ ఐడీలు, క్రియేటెడ్ తేదీలు ఉంటాయి, దానికి ప్రత్యేక హక్కులేవీ అక్కర్లేదు. డీబీఏ_యూజర్స్‌కి సెలెక్ట్_క్యాటలాగ్_రోల్ గానీ సెలెక్ట్ ఎనీ డిక్షనరీ గానీ కావాలి. తేదీ ఒక్కటే కావాలంటే ఆల్_యూజర్స్ చాలు, డీబీఏ హక్కుల కోసం టికెట్ పెట్టి రెండు రోజులు ఆగనక్కర్లేదు.

ఆ కాలమ్ డేట్ టైప్, అందులో సెకన్ల దాకా ఉంటుంది. అయినా మామూలు సెషన్ ఫార్మాట్‌లో రోజు, నెల, రెండంకెల సంవత్సరం మాత్రమే కనిపిస్తాయి కాబట్టి చాలామంది టైమ్ లేదనుకుంటారు. టూ_చార్ ఫంక్షన్ పెట్టి ఫార్మాట్ ఇవ్వండి. ఇక్కడ ఒక పాత పొరపాటు ఇప్పటికీ రిపోర్టుల్లో కనిపిస్తూనే ఉంటుంది. నిమిషాలకి ఎంఐ అని రాయాలి. అలవాటులో ఎంఎం అని రాస్తే ఎర్రర్ ఏమీ రాదు, నిమిషాల చోట నెల నంబరు వచ్చి కూర్చుంటుంది. లిస్టులో ఏప్రిల్ తేదీలన్నిటికీ నిమిషాలు 04 అనే ఉన్నాయంటే కారణం అదే.

ఆ టైమ్ డేటాబేస్ నడుస్తున్న మెషీన్ ఆపరేటింగ్ సిస్టమ్ టైమ్. క్లౌడ్‌లో సర్వర్ యూటీసీలో ఉంటే మన టైమ్‌కి ఐదున్నర గంటలు వెనక ఉంటుంది. క్రియేటెడ్‌లో 15వ తేదీ 20:10 అని ఉంటే హైదరాబాద్‌లో అప్పటికి 16వ తేదీ తెల్లవారుజామున 01:40. రాత్రి పూట చేసిన రిలీజులకి రోజే మారిపోతుంది, చేంజ్ టికెట్‌లో ఉన్న తేదీతో కలవదు. అందుకే లిస్టులో టైమ్‌జోన్‌కి ఒక కాలమ్ పెట్టండి. సిస్‌టైమ్‌స్టాంప్‌ని డ్యూయల్ నుంచి సెలెక్ట్ చేస్తే ఆఫ్‌సెట్‌తో సహా కనిపిస్తుంది.

మల్టీటెనెంట్ (ఒకే రూట్ కంటైనర్ కింద పీడీబీలనే పలు డేటాబేస్‌లు ఉండే అమరిక) అయితే ఏ కంటైనర్‌లో నిలబడి చూస్తున్నారన్నది ముఖ్యం. రూట్‌కి కనెక్ట్ అయ్యి డీబీఏ_యూజర్స్ చూస్తే పీడీబీలోని లోకల్ యూజర్లు కనపడరు. రూట్ నుంచి అన్నీ ఒకేసారి కావాలంటే సీడీబీ_యూజర్స్ వాడండి, కాన్_ఐడీ కూడా తీయండి. అయితే అది ఓపెన్‌లో ఉన్న పీడీబీల వివరాలే ఇస్తుంది. మౌంట్ స్థితిలో ఉన్న పీడీబీ యూజర్లు చెప్పాపెట్టకుండా లిస్టులోంచి జారిపోతారు. లిస్టు తీసేముందు వీ$పీడీబీస్‌లో ఓపెన్_మోడ్ ఒకసారి చూసుకోండి. ఒరాకిల్ సొంత యూజర్లను వేరు చేయడానికి ఒరాకిల్_మెయింటెయిన్డ్ కాలమ్ ఉంది, అది ఎన్ అని ఉన్నవే మీవి.

స్కీమా సంగతి. ఒరాకిల్‌లో స్కీమాకి విడిగా తేదీ లేదు. క్రియేట్ యూజర్ నడిచిందంటే ఆ పేరుతో స్కీమా కూడా వచ్చేసినట్టే. క్రియేట్ స్కీమా అనే స్టేట్‌మెంట్ ఒకటి ఉంది గానీ అది స్కీమాని తయారుచేయదు. ఉన్న స్కీమాలోనే టేబుళ్లు, వ్యూలు, గ్రాంట్లు అన్నీ ఒకే ట్రాన్సాక్షన్‌లో చేయడానికి పనికొస్తుంది. కాబట్టి లిస్టులో యూజర్ తేదీ, స్కీమా తేదీ అని రెండు కాలమ్‌లు పెట్టకండి.

రోల్స్ (హక్కుల గుంపులు) కూడా అడిగితే డీబీఏ_రోల్స్‌లో క్రియేటెడ్ ఉండదు. యూజర్లూ రోల్సూ రెండూ సిస్ స్కీమాలోని యూజర్$ అనే బేస్ టేబుల్‌లోనే ఉంటాయి. టైప్# కాలమ్ 1 అయితే యూజర్, 0 అయితే రోల్. అందులో సీటైమ్ అన్నదే క్రియేట్ అయిన టైమ్, డీబీఏ_యూజర్స్‌లో క్రియేటెడ్‌గా వచ్చేది అదే. పీటైమ్ పాస్‌వర్డ్ మారిన టైమ్, ఎల్‌టైమ్ లాక్ అయిన టైమ్. పాస్‌వర్డ్ మార్చినా, అకౌంట్ లాక్ చేసినా, ప్రొఫైల్ మార్చినా సీటైమ్ కదలదు. యూజర్‌ని డ్రాప్ చేసి అదే పేరుతో మళ్లీ క్రియేట్ చేస్తే మాత్రం పాత సీటైమ్ రోతో పాటే పోతుంది.

అలా డ్రాప్ చేసి మళ్లీ చేశారా అని అనుమానం ఉంటే యూజర్_ఐడీ వైపు చూడండి. ఆ నంబర్లు వరుసగా పెరుగుతూ పోతాయి, డ్రాప్ అయిన యూజర్ నంబరు ఇంకొకరికి ఇవ్వరు. మీ యూజర్లను యూజర్_ఐడీ వరుసలో పెట్టి పక్కన క్రియేటెడ్ చూస్తే రెండూ కలిసి పెరుగుతూ రావాలి. మధ్యలో నంబర్లు లేవంటే అక్కడ ఒకప్పుడు ఎవరో యూజరో, రోలో ఉండేదని అర్థం, ఎందుకంటే రోల్స్‌కీ ఇదే వరుస. 2022లో చేసిన బ్యాచ్‌లో పక్కపక్క నంబర్లతో అన్ని స్కీమాలూ ఉండి, ఒక్క స్కీమా నంబరు మాత్రం చాలా ముందుకెళ్లి ఉంటే దాన్ని తర్వాత తీసేసి మళ్లీ చేశారన్నమాట. సిస్‌బ్యాకప్, ఎక్స్‌ఎస్$నల్ లాంటి వాటికి 214 కోట్ల పైచిలుకు నంబర్లు ఉంటాయి, అవి ఒరాకిల్ ప్రత్యేకంగా పెట్టినవి, వాటిని ఈ లెక్కలోకి తీసుకోకండి.

ఇప్పుడు మీ అసలు చిక్కుకి వద్దాం. 2022లో ఒకే రాత్రి తేదీలు పడ్డాయంటే దాదాపు ఖాయంగా డేటా పంప్‌తో (ఒరాకిల్ ఎక్స్‌పోర్ట్, ఇంపోర్ట్ టూల్) మైగ్రేట్ చేసి ఉంటారు. ఇంపోర్ట్ అంటే టార్గెట్‌లో క్రియేట్ యూజర్, క్రియేట్ టేబుల్ స్టేట్‌మెంట్లు కొత్తగా నడవడమే, అందుకే సీటైమ్ ఆ రాత్రిది పడుతుంది. డీబీఏ_ఆబ్జెక్ట్స్‌లో టేబుళ్ల క్రియేటెడ్ కూడా ఆ రాత్రిదే ఉంటుంది. ట్రాన్స్‌పోర్టబుల్ టేబుల్‌స్పేస్ పద్ధతిలో డేటాఫైళ్లు పాతవే వచ్చినా మెటాడేటా ఇంపోర్ట్ ద్వారానే వస్తుంది కాబట్టి తేదీలు కొత్తవే. దీనికి భిన్నంగా ఆర్‌మ్యాన్ (ఒరాకిల్ బ్యాకప్ టూల్) డూప్లికేట్, డేటా గార్డ్ (స్టాండ్‌బై కాపీ) స్విచ్‌ఓవర్, పీడీబీ క్లోన్, అన్‌ప్లగ్ చేసి ప్లగ్ చేయడం, ఉన్నచోటే అప్‌గ్రేడ్ చేయడం, వీటిలో డిక్షనరీ మొత్తం అలాగే వస్తుంది, మీ అప్లికేషన్ యూజర్ల పాత తేదీలు చెక్కుచెదరవు.

సిస్ తేదీకి కారణం కూడా ఇందులోనే ఉంది. డీబీసీఏలో (డేటాబేస్ క్రియేట్ చేసే ఒరాకిల్ టూల్) జనరల్ పర్పస్ టెంప్లేట్ ఎంచుకుంటే అది ఒరాకిల్ వాళ్లు ముందే తయారుచేసి ఇచ్చిన సీడ్ డేటాఫైళ్లను మీ డిస్కు మీదికి దించుతుంది. లినక్స్ 19సీ సీడ్‌లో సిస్, సిస్టమ్ యూజర్లు పుట్టింది 2019 ఏప్రిల్ 17న. ఆ టెంప్లేట్‌తో చేసిన డేటాబేస్ ఏ ఊర్లో ఉన్నా అదే తేదీ చూపిస్తుంది. కస్టమ్ డేటాబేస్ ఆప్షన్‌తో స్క్రిప్టులు నడిపి చేస్తే మాత్రం మీరు చేసిన రోజే పడుతుంది. కొందరు సిస్ తేదీనే డేటాబేస్ పుట్టిన తేదీగా రాసేస్తుంటారు, అది తప్పు. దానికి వీ$డేటాబేస్‌లో క్రియేటెడ్ చూడాలి. అదీ గుడ్డిగా నమ్మకూడదు. డేటాబేస్ ఫైళ్ల జాబితా ఉండే కంట్రోల్ ఫైల్‌ని మళ్లీ క్రియేట్ చేస్తే అందులో ఆ కొత్త తేదీ వస్తుంది. పీడీబీల చరిత్ర డీబీఏ_పీడీబీ_హిస్టరీలో ఉంటుంది, ఏ ఆపరేషన్‌తో ఎప్పుడు వచ్చిందో అక్కడ తెలుస్తుంది.

ఇక్కడి నుంచి ఒక పనికొచ్చే పరీక్ష చేయొచ్చు. అప్లికేషన్ యూజర్ క్రియేటెడ్‌ని వీ$డేటాబేస్ క్రియేటెడ్‌తో పోల్చండి. యూజర్ తేదీ డేటాబేస్ తేదీ కన్నా ముందుంటే డేటాబేస్ క్లోన్ గానీ, పీడీబీగా ప్లగ్ అయ్యింది గానీ, కంట్రోల్ ఫైల్ మళ్లీ చేసింది గానీ అయ్యుండాలి. అప్పుడు యూజర్ తేదీయే నిజమైన పాత తేదీ. యూజర్లందరి తేదీలూ డేటాబేస్ తేదీకి కొన్ని గంటల్లోనో, ఒకటి రెండు రోజుల్లోనో గుంపుగా ఉంటే అది ఇంపోర్ట్.

ఇంపోర్ట్ అని తేలాక అసలు వయసు ఎక్కడ దొరుకుతుంది? డిక్షనరీలో దొరకదు. టేబుళ్ల లోపలి డేటా మాత్రం ఇంపోర్ట్‌లో మారదు. స్కీమా మార్పుల స్క్రిప్టులు నడిపే టూల్స్‌లో అప్లికేషన్ ఫ్లైవే వాడితే ఫ్లైవే_స్కీమా_హిస్టరీ టేబుల్‌లో ఇన్‌స్టాల్డ్_ఆన్ కాలమ్, లిక్విబేస్ వాడితే డేటాబేస్‌చేంజ్‌లాగ్ టేబుల్‌లో డేట్‌ఎగ్జిక్యూటెడ్ కాలమ్ చూడండి. వాటిలో అన్నిటికన్నా పాత రో పాత సర్వర్‌లో మొదటి స్క్రిప్టు నడిచిన టైమ్‌ని అలాగే మోసుకొస్తుంది. ఫ్లైవేలో మొదటి రో టైప్ బేస్‌లైన్ అని ఉంటే జాగ్రత్త. అప్పటికే ఉన్న స్కీమాని ఫ్లైవే కిందికి తెచ్చారని దాని అర్థం, స్కీమా అంతకన్నా పాతది. ఈ టూల్స్ ఏవీ లేకపోతే మాస్టర్ టేబుళ్లలో అప్లికేషనే రాసుకునే క్రియేటెడ్ ఆన్ తరహా కాలమ్‌ల కనిష్ఠ విలువ చూడొచ్చు. కానీ ఆ డేటా ఇంకా పాత సిస్టమ్ నుంచి లోడ్ చేసింది కూడా అయ్యుండొచ్చు, కాబట్టి దాన్ని ఒక్కదాన్నే ఆధారంగా చూపకండి. పాత సర్వర్ ఆపేసినా దాని ఆర్‌మ్యాన్ బ్యాకప్ ఉంటే అన్నిటికన్నా గట్టి ఆధారం అదే. పక్కన ఒక చిన్న మెషీన్ మీద రిస్టోర్ చేసి ఆల్_యూజర్స్ చూస్తే పని అయిపోతుంది. డేటా పంప్ డంప్ ఫైల్ మాత్రమే ఉంటే, ఎస్‌క్యూఎల్‌ఫైల్ ఆప్షన్‌తో తీసినా క్రియేట్ యూజర్ స్టేట్‌మెంట్ వస్తుందే తప్ప అందులో పాత తేదీ ఉండదు.

డీబీఏ_ఆబ్జెక్ట్స్‌లో ఓనర్ వారీగా కనిష్ఠ క్రియేటెడ్ తీసి దాన్నే స్కీమా తేదీగా ఇచ్చేవాళ్లున్నారు. ఒరాకిల్‌లో ఆ అవసరం లేదు, యూజర్ తేదీ చేతిలోనే ఉంది కదా. పైగా మొదట చేసిన టేబుల్‌ని డ్రాప్ చేసి ఉంటే ఆ లెక్క తప్పుతుంది. స్కీమా క్రియేట్ చేశాక ఎన్నాళ్లకి వాడుకలోకి వచ్చిందో చూడటానికి అది బాగుంటుంది. లాస్ట్_డీడీఎల్_టైమ్ మాత్రం వాడొద్దు, ఒక గ్రాంట్ ఇచ్చినా అది మారిపోతుంది.

ఎవరు చేశారన్నది ఆడిట్ ట్రెయిల్‌లో తప్ప ఎక్కడా ఉండదు. యూనిఫైడ్_ఆడిట్_ట్రెయిల్‌లో యాక్షన్_నేమ్ క్రియేట్ యూజర్ అని, ఆబ్జెక్ట్_నేమ్ మీ యూజర్ పేరు అని పెట్టి వెతకండి. డీబీయూజర్‌నేమ్, ఓఎస్_యూజర్‌నేమ్, యూజర్‌హోస్ట్, క్లయింట్_ప్రోగ్రామ్_నేమ్ తీయండి. పాత పద్ధతి ఆడిటింగ్ ఉంటే డీబీఏ_ఆడిట్_ట్రెయిల్‌లో చూడాలి. చాలాచోట్ల ట్రెయిల్ ఉండే సిస్ఆక్స్ టేబుల్‌స్పేస్ నిండుతోందని 90 రోజులకోసారి ట్రెయిల్ శుభ్రం చేస్తుంటారు, కాబట్టి పాతవి దొరక్కపోవచ్చు. అప్పుడు మిగిలేది లాగ్‌మైనర్, అంటే డేటాబేస్ మార్పుల లాగ్‌లు చదివే టూల్. క్రియేటెడ్ టైమ్ మీకు సెకన్లతో సహా తెలుసు, ఆ అరగంట ఆర్కైవ్ లాగ్‌లు బ్యాకప్ నుంచి రిస్టోర్ చేసి చూస్తే ఆ స్టేట్‌మెంట్ కనిపిస్తుంది. శ్రమ ఎక్కువ, ఏదైనా దర్యాప్తు అయితే తప్ప దీని జోలికి వెళ్లనక్కర్లేదు. ఇకముందు కోసం ఓఆర్ఏ_అకౌంట్_ఎంజీఎంటీ అనే రెడీమేడ్ పాలసీని ఇవాళే ఆన్ చేయండి. యూజర్లు, రోల్స్ క్రియేట్, ఆల్టర్, డ్రాప్, గ్రాంట్లు అన్నీ అందులో రికార్డ్ అవుతాయి. వీటి సంఖ్య రోజువారీ ట్రాన్సాక్షన్ల ముందు చాలా తక్కువ, పెర్ఫార్మెన్స్ గురించి భయపడనక్కర్లేదు.

పోస్ట్‌గ్రెస్‌లో పరిస్థితి వేరు. పీజీ_నేమ్‌స్పేస్‌లో గానీ, పీజీ_రోల్స్‌లో గానీ, పీజీ_డేటాబేస్‌లో గానీ క్రియేట్ అయిన టైమ్ కాలమ్ అసలు లేదు. ట్రాక్_కమిట్_టైమ్‌స్టాంప్ అనే సెట్టింగ్ ముందునుంచీ ఆన్‌లో ఉంటే, స్కీమా రో ఎక్స్‌మిన్‌ని పీజీ_ఎక్స్‌యాక్ట్_కమిట్_టైమ్‌స్టాంప్ ఫంక్షన్‌కి ఇస్తే టైమ్ వస్తుంది. ఇది 9.5 నుంచి ఉంది, డిఫాల్ట్‌గా ఆఫ్, ఆన్ చేయాలంటే రీస్టార్ట్ కావాలి, ఆన్ చేయకముందు జరిగిన వాటికి నల్ వస్తుంది. పైగా ఎక్స్‌మిన్ అనేది ఆ రోని ఆఖరుగా రాసిన ట్రాన్సాక్షన్. స్కీమా మీద ఒక గ్రాంట్ ఇస్తే రో కొత్త వెర్షన్ పడి ఎక్స్‌మిన్ మారిపోతుంది, రోల్ పాస్‌వర్డ్ మార్చినా అంతే. కాబట్టి వచ్చిన టైమ్‌ని ‘స్కీమా ఈ టైమ్‌కే ఉంది, ఇంతకన్నా పాతదై ఉండొచ్చు’ అని చదవాలి. డేటాబేస్‌కైతే డేటా డైరెక్టరీలో బేస్ కింద ఆ డేటాబేస్ ఓఐడీ (అంతర్గత నంబరు) పేరున్న ఫోల్డర్‌లోని పీజీ_వెర్షన్ ఫైల్ మోడిఫికేషన్ టైమ్‌ని పీజీ_స్టాట్_ఫైల్‌తో చూడొచ్చు. మెషీన్ మారినా, మేజర్ అప్‌గ్రేడ్ చేసినా అది కూడా మారొచ్చు.

ముందుముందు కోసం స్కీమాలకి డీడీఎల్_కమాండ్_ఎండ్ ఈవెంట్ ట్రిగ్గర్ (క్రియేట్, ఆల్టర్ లాంటి డీడీఎల్ స్టేట్‌మెంట్ ముగియగానే నడిచేది) పెట్టుకోవచ్చు. కానీ రోల్స్, డేటాబేస్‌లు, టేబుల్‌స్పేస్‌లు క్లస్టర్ మొత్తానికి ఉమ్మడివి, వాటికి ఈవెంట్ ట్రిగ్గర్ పనిచేయదు. వాటికి పీజీఆడిట్ ఎక్స్‌టెన్షన్ పెట్టి డీడీఎల్, రోల్ అనే రెండు క్లాసులూ ఆన్ చేయండి. లాగ్_స్టేట్‌మెంట్‌ని డీడీఎల్ అని పెట్టడం తేలికే, అయితే క్రియేట్ రోల్‌లో పాస్‌వర్డ్ మామూలుగా టైప్ చేస్తే అది లాగ్ ఫైల్లో అచ్చంగా పడుతుంది. పాస్‌వర్డ్ లేకుండా రోల్ చేసి, తర్వాత పీఎస్‌క్యూఎల్‌లోని బ్యాక్‌స్లాష్ పాస్‌వర్డ్ కమాండ్‌తో పెట్టండి. అప్పుడు సర్వర్‌కి వెళ్లేదీ లాగ్‌లో పడేదీ హ్యాష్ మాత్రమే.

మైఎస్‌క్యూఎల్‌లో స్కీమా అన్నా డేటాబేస్ అన్నా ఒకటే, ఇన్ఫర్మేషన్_స్కీమాలోని స్కీమాటా వ్యూలో తేదీ లేదు. టేబుల్స్ వ్యూలో క్రియేట్_టైమ్ కనిష్ఠం తీయొచ్చు గానీ, ట్రంకేట్ చేసినా, టేబుల్‌ని మళ్లీ నిర్మించే ఆల్టర్ నడిచినా అది కొత్తదవుతుంది. 5.7లో అయితే డేటాబేస్ ఫోల్డర్‌లో డీబీ.ఆప్ట్ ఫైల్ ఉంటుంది, ఆల్టర్ డేటాబేస్ చేయనంతవరకు దాని టైమే డేటాబేస్ టైమ్. 8.0లో ఆ ఫైల్ లేదు. యూజర్లకి మైఎస్‌క్యూఎల్.యూజర్ టేబుల్‌లో పాస్‌వర్డ్_లాస్ట్_చేంజ్డ్ మాత్రమే ఉంది, పాస్‌వర్డ్ ఎప్పుడూ మార్చని సర్వీస్ అకౌంట్లకి అదే క్రియేట్ అయిన టైమ్. నమ్మదగ్గది బైనరీ లాగ్, అంటే సర్వర్ తనలో జరిగిన మార్పులు రాసుకునే ఫైళ్లు. రో ఫార్మాట్‌లో ఉన్నా క్రియేట్ యూజర్, క్రియేట్ డేటాబేస్ స్టేట్‌మెంట్లుగానే పడతాయి, మైఎస్‌క్యూఎల్‌బిన్‌లాగ్‌తో తీసి గ్రెప్ చేయండి. 8.0లో డిఫాల్ట్‌గా 30 రోజులకే పాత లాగ్‌లు పోతాయి, ఆలోపే చూసుకోవాలి. 8.0.21 నుంచి క్రియేట్ యూజర్‌లోనే కామెంట్ రాయొచ్చు. టికెట్ నంబరు, తేదీ అందులో పెడితే తర్వాత యూజర్_ఆట్రిబ్యూట్స్ వ్యూలో కనిపిస్తాయి.

ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో డేటాబేస్ లోపలి యూజర్‌కి సిస్.డేటాబేస్_ప్రిన్సిపల్స్‌లో, సర్వర్‌లోకి రానిచ్చే లాగిన్‌కి సిస్.సర్వర్_ప్రిన్సిపల్స్‌లో క్రియేట్_డేట్ ఉంది. డేటాబేస్‌ని వేరే సర్వర్‌లో రిస్టోర్ చేస్తే యూజర్ తేదీ డేటాబేస్‌తో పాటు వస్తుంది, లాగిన్ తేదీ మాత్రం ఆ సర్వర్‌లో చేసినప్పటిది. అందుకే ఒకే మనిషికి రెండు తేదీలు కనిపిస్తాయి. డిఫాల్ట్‌గా వచ్చే ఎస్ఏ లాగిన్‌కి, డీబీఓ యూజర్‌కి ఎక్కడ చూసినా 2003 ఏప్రిల్ 8 అనే ఉంటుంది, అది మైక్రోసాఫ్ట్ తయారుచేసిన రోజు. సిస్.డేటాబేసెస్‌లో క్రియేట్_డేట్ పేరు మార్చినా మారుతుంది. సిస్.స్కీమాస్‌లో తేదీయే లేదు. సిస్.ఆబ్జెక్ట్స్‌లో స్కీమా_ఐడీ వారీగా కనిష్ఠ క్రియేట్_డేట్ తీస్తారు గానీ, ఆల్టర్ స్కీమా ట్రాన్స్‌ఫర్‌తో వేరే స్కీమా నుంచి తెచ్చిన టేబుల్ తన పాత తేదీతోనే వస్తుంది, అప్పుడు స్కీమా పుట్టకముందే టేబుల్ పుట్టినట్టు లెక్క తేలుతుంది. కచ్చితంగా కావాలంటే డేటాబేస్_ఆబ్జెక్ట్_చేంజ్_గ్రూప్‌తో ఆడిట్ పెట్టండి, లేదా క్రియేట్_స్కీమా ఈవెంట్ మీద డీడీఎల్ ట్రిగ్గర్ పెట్టి ఈవెంట్‌డేటా ఫంక్షన్ ఇచ్చే వివరాల్ని ఒక టేబుల్‌లో రాయించండి. ఆ టేబుల్ మీద ఇన్సర్ట్ హక్కు లేని వాళ్లు క్రియేట్ స్కీమా చేస్తే ట్రిగ్గర్ ఫెయిలై వాళ్ల స్టేట్‌మెంట్ కూడా రోల్‌బ్యాక్ అవుతుంది, కాబట్టి ట్రిగ్గర్‌ని ఎగ్జిక్యూట్ యాజ్‌తో చేసి టెస్ట్ సర్వర్‌లో మామూలు యూజర్‌తో ఒకసారి నడిపి చూశాకే ప్రొడక్షన్‌లో పెట్టండి.